పెట్టెలాయన చేతిలో రిమోట్

ఇలా రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ గుమ్మంలో నిలబడ్డాయన కూడా వచ్చి కూర్చోవాలి, నిలబడి వింటే కథ సగం కాళ్లలోకి దిగిపోతుంది. ఫోన్లో మాట్లాడేవాళ్లు తొందరగా పెట్టేయండి. దగ్గేవాళ్లు ఇప్పుడే దగ్గేయండి, పిల్లల్ని గిల్లేవాళ్లు ఇప్పుడే గిల్లేయండి. ఇది సౌండు కథ. మధ్యలో మీరు సౌండు చేస్తే మీదేదో, కథదేదో తేల్చుకోలేక నేనే తికమకపడతాను.

అనగనగా కాదు, మొన్నమొన్నటి సంగతే. దారాలమ్మ అని ఒకావిడ ఉండేది. టైలరు. ఆమె ఒంటి మీద ఎప్పుడు చూసినా రకరకాల రంగుల దారప్పోగులు అంటుకుని ఉండేవి. ఆమె వీధిలోకి వస్తే గూళ్లు కట్టుకునే పిచ్చుకలు వెనకాలే వరసగా నడిచేవి. నమ్మకపోతే నా తప్పు కాదు, పిచ్చుకల్ని అడగండి.

ఆమె మొగుడు రేకు పెట్టెలు చేసేవాడు. అందరూ పెట్టెలాయన అనేవారు. ఇంటి ముందుగదే కొట్టు. పొద్దున ఆయన సుత్తి ఎత్తాడంటే అవతలి వీధిలో గోడలకి వంకరగా వేలాడే ఫోటోలు వాటంతట అవే తిన్నగా అయ్యేవి. అంత దెబ్బ. కుర్రతనం నుంచీ ఆ దెబ్బల మధ్యే ఉన్నాడు. మాట మాత్రం తక్కువ. ఏం చెప్పినా "ఊఁ" అనేవాడు. మరీ పెద్ద సంగతైతే "ఊఁ, అలాగే" అనేవాడు.

ఊళ్లో ఒక చిన్న కేబుల్ చానల్ ఉండేది. పొద్దున పూట దారాలమ్మ అందులో కుట్టుపని నేర్పేది. పక్కన యాంకరమ్మాయి కూర్చుని మధ్యమధ్యలో "అబ్బ, ఎంత ఈజీనో" అనేది. ఆ అమ్మాయికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు, అయినా ఎంతో ఈజీగా అనేది. అక్కడ వీళ్లు మాట్లాడుతుంటేనే ఇక్కడ టీవీలో వచ్చేసేది. దాచుకోవడాలు లేవు. ఎప్పుడో తీసిన పాత పాఠం ఒక్కటుంది, కెమెరా మొరాయించిన రోజున వేయడానికి. అదీ బొమ్మంతా గీతలు పడి, వానలో తడిసినట్టు ఉండేది.

ఒక సోమవారం ఆమెకి రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. మొదటిది చిన్న చానల్ మేనేజరు చెప్పింది: వచ్చే వారం నుంచి ఆ టైములో పరుపుల ప్రకటనలు వేస్తారు, కుట్టుపని ఉండదు. రెండోది పెద్ద చానల్ నుంచి ఫోను. అందులో ఒక మేడమ్ అంది:

"మీ గురించి విన్నాం. ఒక పాఠం రికార్డు చేసుకుని శనివారం పట్టుకు రండి. బొమ్మ కాస్త అటూఇటూ ఉన్నా ఫర్వాలేదమ్మా, మాట మాత్రం స్పష్టంగా వినపడాలి. నచ్చితే మీకే సొంతంగా ఒక ప్రోగ్రాం."

దారాలమ్మ ఇంటికి వచ్చి, రేకు మీద గీత గీస్తున్న మొగుడి వీపుకి ఈ సంగతంతా చెప్పింది.

"ఊఁ," అన్నాడాయన.

"నాకే సొంతంగా ప్రోగ్రామట."

"ఊఁ."

ఆమె చుట్టూ తిరిగి ముందుకొచ్చి, బల్ల మీది కత్తెర తీసుకుంటూ అడిగింది. "మీరు ఒక్కరోజైనా నా ప్రోగ్రాం చూశారా అసలు?"

"నాకు పనుంది కదే," అన్నాడాయన, ఆమె మొహం వంక ఒకసారి చూసి, మళ్లీ గీత మీదికి వంగుతూ.

ఆమె కత్తెరని రెండుసార్లు గాల్లో ఆడించి లోపలికి వెళ్లిపోయింది. పెళ్లయిన కొత్తలో అయితే ఏడ్చేది. ఇప్పుడు గుండీలు కుట్టుకుంది.

*

రికార్డు చేసే పని ఆమె తమ్ముడు మైకుది. సభలకీ సమావేశాలకీ మైకుసెట్లు అద్దెకిస్తాడు కాబట్టి ఆ పేరు. కొందరేమో మైకు లేకుండానే అంత గొంతు కాబట్టి ఆ పేరంటారు. ఏమైనా, అతనికి తెలియని విషయం అంటూ ఈ లోకంలో లేదు. అడిగితే అతనే చెప్తాడు.

మంగళవారం పొద్దున్నే కంప్యూటర్ మోసుకొచ్చి ముందుగదిలో ఉన్న టీవీ పక్కన పెట్టాడు. బొమ్మ కోసం అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి తగిలించాడు. అది టీవీ బొమ్మని పట్టి కంప్యూటర్లోకి తోస్తుంది. సౌండు దగ్గరే చిక్కు. ఆ టీవీ సొంత గొంతు ఏనాడో పోయింది. ఇయర్‌ఫోన్ పెట్టుకునే చిల్లు ఒకటుంటుంది చూశారా, అందులోంచి వైరు లాగి బయట ఒక స్పీకరు డబ్బాకి తగిలించి వింటున్నారు. మైకు ఆ చిల్లులో రెండు తోకల పిన్ను దూర్చాడు. ఒక తోక ఎప్పట్లాగే స్పీకరు డబ్బాకి, ఇంకో తోక కంప్యూటర్‌కి.

"అయిపోయింది," అన్నాడు చేతులు దులుపుకుని. కంప్యూటర్ తెర మీద ఒక చార పైకీ కిందకీ ఆడుతోంది. "బావా, ఇది సౌండు చార. ఆకుపచ్చలో ఉంటే మంచిది. పసుపైతే జాగ్రత్త. ఎరుపెక్కిందంటే గొంతు పగిలిపోతుంది. నేను నొక్కేసి వెళ్తున్నా. నువ్వు టీవీ కట్టేయకు, చానల్ మార్చకు. అంతే."

"ఊఁ," అన్నాడు పెట్టెలాయన.

టీవీ కట్టేయొద్దన్నారు. చానల్ మార్చొద్దన్నారు. అంతవరకే చెప్పారు.

సాయంత్రం ముగ్గురూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. యాంకరమ్మాయి వచ్చింది, నమస్కారం అంది. తెర మీద చార ఆకుపచ్చగా ఆడింది, గొంతు కడిగిన గాజు గ్లాసులా ఉంది. తర్వాత దారాలమ్మ నోరు తెరిచింది. చార ఒక్కసారిగా ఎర్రగా పైకెళ్లి అక్కడే అతుక్కుపోయింది. స్పీకర్లోంచి మాట రాలేదు. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి, ఆ డబ్బాని మెట్ల మీంచి దొర్లిస్తే ఎలా ఉంటుందో అది వచ్చింది. టీవీ మీద కూర్చున్న పిల్లి లేచి, సామాను సర్దుకుని వేరే ఇల్లు వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

"ఇదేంట్రా?" అంది దారాలమ్మ.

"బాగానే ఉంది కదా," అన్నాడు పెట్టెలాయన.

ఆమె మొగుడి వంక చూసింది. వెక్కిరింతేమోనని చూసింది. ఆయన మొహంలో వెక్కిరింత లేదు, ఏమీ లేదు. అది ఇంకా పొడుచుకుంది ఆమెకి.

మైకు కంప్యూటర్ వెనక్కి వంగి చూసి తల గోక్కున్నాడు. "సర్లే అక్కా, చిన్న పొరపాటు. ఇక్కడ రెండు చిల్లులున్నాయి. గులాబీది మైకుకి, నీలందేమో టీవీల్లాంటి వాటికి. గులాబీలో పెట్టేశా. మైకు చిల్లు ఉత్త గుసగుసని కూడా పట్టుకుని పెద్దది చేస్తుంది. దాంట్లో టీవీ సౌండు పోస్తే పగలదా మరి. రేపు నీలంలో పెడతా. ఇదిగో, తెర మీద సౌండు తగ్గించే ఈ పట్టీ కూడా కిందకి లాగేస్తా. ఇక నువ్వు పెద్ద చానల్‌కి వెళ్లినట్టే, నన్ను గుర్తుపెట్టుకో."

బుధవారం నీలం చిల్లులో పెట్టాడు, పట్టీ కిందకి లాగాడు. సాయంత్రం వేసి చూస్తే యాంకరమ్మాయి పక్కింటి గోడ అవతల నుంచి మాట్లాడుతున్నంత మెల్లగా వినపడింది. దారాలమ్మ దగ్గరికొచ్చేసరికి మళ్లీ గులకరాళ్లే. కాకపోతే చిన్న గులకరాళ్లు.

"ఇది ఇంకా దరిద్రంగా ఉందిరా," అంది ఆమె.

"అదీ లెక్క," అన్నాడు మైకు. ఓడిపోయినప్పుడు అతను ఎప్పుడూ లెక్క చెప్తాడు. "సన్నమూతి సీసాలో బిందెడు నీళ్లు ఒక్కసారి గుమ్మరిస్తే చుట్టూ ఒలికిపోతాయి కదా. తర్వాత సీసాని ఎక్కడ పెట్టినా ఒలికింది లోపలికి రాదు. సౌండూ అంతే. లోపలికి వచ్చేటప్పుడే పగిలొస్తోంది. వచ్చాక నేను ఎంత తగ్గించినా పగిలిందే తగ్గుతుంది."

"మరి ఆ అమ్మాయిది పగలట్లేదే. అదే మైకు, అదే వైరు, అదే టీవీ."

మైకు ముక్కు రుద్దుకున్నాడు, చెవి రుద్దుకున్నాడు. "అక్కా, నువ్వు మరోలా అనుకోకు. ఆ అమ్మాయి గొంతు పల్చన. నీకేమో నాన్న గొంతు వచ్చింది. నాన్న మనకి ఆస్తేమీ ఇవ్వలేదు, ఉన్న ఆ గొంతు ఒక్కటీ నీకే పోయింది. ఏటికి ఇవతల పిలిస్తే అవతల వాళ్లు పడవెక్కి వచ్చేసేవారు. యంత్రం ఏం చేస్తుంది పాపం. తప్పు వైర్లలో లేదు. నీ గొంతే అంత."

దారాలమ్మ సూది అందుకుంది. చేతిలో ఉన్న రవికె చేతిని ఇటు తిప్పి అటు తిప్పి, కుట్టిన కుట్టునే మళ్లీ కుట్టింది. పెట్టెలాయన ఆ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, సుత్తి తుడుచుకుంటూ, "నాకైతే బాగానే వినిపించింది," అన్నాడు.

"మీకన్నీ బాగానే వినిపిస్తాయి," అంది ఆమె.

అంతటితో పోలేదు. ఎదురింటి ఇస్త్రీ పిన్ని బొగ్గులు విసురుకుంటూ ఇటు కేకేసింది. "అమ్మాయ్, ఈమధ్య నీ ప్రోగ్రాం చూడ్డానికి నాకు టీవీయే అక్కర్లేదనుకో. నువ్వు అక్కడెక్కడో కూర్చుని చెప్తుంటే ఇక్కడ నా ఇస్త్రీ బల్ల దగ్గరికి ముక్క పోకుండా వచ్చేస్తోంది. ఏం గొంతే తల్లీ."

పిన్ని మెచ్చుకుంది. దారాలమ్మకి మాత్రం అది తీర్పులా వినిపించింది.

ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి మెల్లగా మాట్లాడటం ప్రాక్టీసు చేసింది. "చంక దగ్గర గుంట తీయండి" అని ముందు మామూలు గొంతుతో, తర్వాత అందులో సగంతో, తర్వాత దోమ చెవిలో చెప్పినట్టు. అద్దంలో మనిషికే వినపడలేదు.

*

గురువారం ఆమె స్టూడియోలో ఆ దోమ గొంతుతోనే పాఠం చెప్పింది. కెమెరా వెనక కుర్చీలో కూర్చున్నాయన చెవి దగ్గర చెయ్యి పెట్టి పెంచమని సైగ చేశాడు. ఆమె చూడనట్టు నటించింది. యాంకరమ్మాయి "అబ్బ, ఎంత ఈజీనో" అనడం మరిచిపోయి "ఏంటండీ?" అని అడిగింది. పాఠం అయ్యాక మేనేజరు వచ్చాడు.

"ఏమ్మా, వెళ్లిపోతున్నామని గొంతు ముందే పంపించేశావా?"

"బాగాలేదు సార్."

"గొంతా?"

ఆమె తలూపింది. అంతకంటే నిజం ఆమెకి ఆరోజు తెలియదు.

సాయంత్రం మైకు రికార్డు వేశాడు. దారాలమ్మ పెదవులు కదలీ కదలనట్టు కదులుతున్నాయి. చార మాత్రం ముందు రెండు రోజుల కంటే పైకెక్కి, ఇక ఎక్కడానికి చోటు లేక తెర అంచుకి తల కొట్టుకుంటోంది. ఈసారి గులకరాళ్లు కాదు, బండరాళ్లు.

మైకు నోరు తెరిచి, లెక్క దొరక్క, మూసేశాడు. అతను నోరు మూసుకోవడం ఆ వీధి చరిత్రలో అదే మొదలు. నలుగురు తొంగి చూసి పోయారు.

"మెల్లగా మాట్లాడినా పగులుతోందంటే," అంది దారాలమ్మ, "ఇక నేను మాట్లాడకపోవడమే మేలు. శనివారం వెళ్లను. ఫోన్ చేసి చెప్పేస్తా."

"ఇంకో రోజుంది కదక్కా. రేపు ఇంకో వైరు..."

"వైరు కాదన్నావుగా నువ్వే."

పెట్టెలాయన అప్పుడే లోపలికి వచ్చాడు. భార్య ఎర్రబడ్డ కళ్లు చూశాడు. ఏమైందని బావమరిదిని అడిగాడు. మైకు చెయ్యి గాల్లో తిప్పి, పోయిందన్నట్టు సైగ చేశాడు. ఆయన బయటికెళ్లి, ఏ పెట్టెకీ అవసరం లేని రేకుని వంచి, మళ్లీ తిన్నగా చేసి, మళ్లీ వంచాడు.

శుక్రవారం చివరి పాఠం. దారాలమ్మ వెళ్లాలా వద్దా అనుకుంటూనే వెళ్లింది. వెళ్లేసరికి స్టూడియోలో కెమెరా చచ్చిపోయి ఉంది. కుర్చీలాయన దాని పొట్ట విప్పి కూర్చున్నాడు.

"పాతది వేసేశామమ్మా," అన్నాడు మేనేజరు. "చివరి పాఠం ఇలా అయితే ఏం బాగుంటుంది. మధ్యాహ్నం వార్తల ముందు కాస్త ఖాళీ ఉంది. కెమెరా బాగైపోతుంది, అప్పుడొచ్చి చెప్పు. నిదానంగా చెప్పు. గొంతు తెచ్చుకో."

ఆమె ఇంటిదారి పట్టింది. వీధి మలుపు తిరగ్గానే ఎవరో ఆమెని పేరు పెట్టి పిలిచినంత ఉలికిపాటు కలిగింది. పిలిచింది ఆమె గొంతే. వీధంతా ఆమె గొంతే. చేతి కుట్టు గురించి చెప్తోంది. కిటికీ అద్దాలు ఆ గొంతుకి వణుకుతున్నాయి. ఇస్త్రీ పిన్ని పొయ్యిలో బొగ్గులు విసరకుండానే రాజుకుంటున్నాయి. సుత్తి చప్పుడు ఒక్కటే లేదు.

ఆమె కిటికీ పక్కన ఆగి లోపలికి చూసింది.

పెట్టెలాయన టీవీ ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. స్పీకరు డబ్బాకి ఒక చెవి ఆనించి, మెడ తిప్పి, తెరమీది ఆమె పెదవుల్నే చూస్తున్నాడు. ఒడిలో సుత్తి. చేతిలో రిమోట్. ఆమె ఒక మాట చెప్పేది, ఆయన ఒకసారి నొక్కేవాడు. ఇంకో మాట, ఇంకో నొక్కు. పాఠంలో ఆమె "మూల దగ్గర కాస్త వదులు ఉంచండి, లేకపోతే లాగినప్పుడు పిగిలిపోతుంది" అంటుంటే, ఆయన పక్కనున్న రేకు మూల మీద వేలితో కొంచెం చోటు కొలిచి చూసుకున్నాడు. ఏదో అర్థం కాలేదు. తెర వైపు వంగి, "ఇంకోసారి చెప్పు," అన్నాడు.

తెరమీదామె చెప్పలేదు. యాంకరమ్మాయి మొదలుపెట్టింది. పెట్టెలాయన రిమోట్ నొక్కి నొక్కి సౌండు ముందున్న చోటికి తగ్గించేసి, సుత్తి తీసుకున్నాడు. దారాలమ్మ మళ్లీ కనిపించగానే సుత్తి దింపి రిమోట్ అందుకున్నాడు.

ఆమె తలుపు గడియ గట్టిగా ఆడించింది. ఆయన కదల్లేదు. దగ్గింది. కదల్లేదు. చివరికి గుమ్మంలో నిలబడితే ఆమె నీడ వెళ్లి రేకు మీద పడింది. అప్పుడు ఉలిక్కిపడి, సౌండు తగ్గించి, సుత్తితో ఎక్కడ పడితే అక్కడ నాలుగు దెబ్బలు వేసి, "ఏంటే, అప్పుడే వచ్చావు?" అన్నాడు.

"కెమెరా పాడైంది," అంది ఆమె, ఆయన మొహంలోకి చూస్తూ.

"ఊఁ."

ఆమె లోపలికి వెళ్తూ వెళ్తూ, ఆయన వీపు వెనక ఆగి, మామూలు గొంతుతో, "ఏవండీ, ఇల్లు తగలబడుతోంది," అంది.

"ఊఁ, అలాగే," అన్నాడాయన.

ఆమె గోడకి ఆనుకుని, చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. కాసేపటికి అది నవ్వులా లేదు. ఇన్నేళ్లూ తన మాటంటే లెక్కలేదనుకుంది. మాటే అందని మనిషిని పట్టుకుని లెక్క అడిగింది. గొప్ప మొగుడు. చెవులు సరిగా లేవని ఒక్క ముక్క చెప్పడానికి మగతనం అడ్డొచ్చింది, ఆ అడ్డాన్ని ఒక్క "ఊఁ"తో ఇన్నాళ్లు ఈడ్చుకొచ్చాడు.

*

మైకు కొత్త వైరు భుజాన వేసుకుని వచ్చాడు. దారాలమ్మ అతన్ని కంప్యూటర్ ముందు కూలేసి, పొద్దున్న ఎక్కిన పాత పాఠం వేయమంది.

"మళ్లీ ఎందుకక్కా, బాధపడ్డానికి?"

"నా మాట వినకు. వెనకాల ఫ్యాన్ చప్పుడు విను."

స్టూడియోలో పాత ఫ్యాన్ ఒకటి ఎప్పుడూ గొణుగుతూ ఉంటుంది. మైకు చెవి పెట్టాడు. యాంకరమ్మాయి మాట్లాడినంతసేపూ ఫ్యాన్ వినీవినపడకుండా ఉంది. దారాలమ్మ మొదలుపెట్టగానే ఫ్యాను మెట్టు మెట్టుగా పెద్దదై, విమానం దిగుతున్నట్టు మోత పెట్టింది.

"నాకు నాన్న గొంతు వచ్చిందన్నావు," అంది ఆమె. "ఫ్యాన్‌కి ఎవరి నాన్న గొంతు వచ్చిందిరా?"

మైకు వైరు కింద పడేశాడు. "రిమోట్," అన్నాడు. "టీవీ సౌండు పెంచితే ఆ చిల్లులోంచి వచ్చేదీ పెరుగుతుంది. స్పీకర్‌కీ పెరుగుతుంది, కంప్యూటర్‌కీ పెరుగుతుంది. ఓరి నీ... ఎవరక్కా మన ఇంట్లో కూర్చుని..."

ఆమె పెదవి మీద వేలు పెట్టుకుంది. రేకు మీదికి వంగి ఉన్న మొగుడి వీపు వైపు చూసింది. మైకు కూడా చూశాడు. అతని మొహంలో తెలివి మెల్లగా, అలవాటు లేని చోటికి వచ్చినట్టు బెరుకుగా వచ్చింది.

"మెల్లగా చెప్పిన రోజు మరీ పగిలింది," అన్నాడు.

"మరి మెల్లగా చెప్తే ఇంకా పెంచుకోవాలిగా పాపం."

"బావ నీ ప్రోగ్రాం చూస్తాడా?"

"నోర్మూసుకుని పట్టీ సరిచెయ్యి."

మైకు యాంకరమ్మాయి గొంతు పెట్టి, చార ఆకుపచ్చ మధ్యలో ఆడేలా పట్టీ సర్ది, టీవీ సౌండు ఎక్కడుండాలో చూసి అక్కడ ఆపాడు. దారాలమ్మ రిమోట్ తీసుకుని మొగుడి దగ్గరికి వెళ్లింది. వెనక నుంచి కాదు. చుట్టూ తిరిగి వెళ్లి, మొగుడికి ఎదురుగా, వెలుగు తన మొహం మీద పడేలా పీట లాక్కుని కూర్చుంది.

"మధ్యాహ్నం చివరి పాఠం చెప్తున్నా. ఈ రిమోట్ మీ దగ్గరే ఉంచండి. ఎవరైనా సౌండు పెంచారంటే నా గొంతు పగిలిపోతుందట."

ఆయన రిమోట్ చూశాడు. దాన్ని చేతిలోకి తీసుకోవడానికి కాస్త టైము పట్టింది. రేకు పొడి అంటిన బొటనవేలు ఆ మీట మీదికే వెళ్లింది, అలవాటుగా. వెంటనే తీసేశాడు.

"ఇన్ని రోజులూ పగిలింది దీనివల్లేనా?"

"దీనివల్లే."

ఆయన మొహం కందిపోయింది. రిమోట్‌ని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. "ఎవరికైనా... వినపడకపోతే?"

"చూస్తే చాలేలా చెప్తాను," అంది దారాలమ్మ.

ఆయన "ఊఁ" అన్నాడు. ఈసారి విని అన్నాడు.

*

స్టూడియోలో కెమెరా పొట్ట మూసుకుని లేచి నిలబడింది. దారాలమ్మ కుర్చీలాయన్ని దగ్గరికి పిలిచి, "అన్నా, ఇవాళ నా మొహం దగ్గరగా చూపించు. మొహం కానప్పుడు చేతులు. ఆ అమ్మాయిని తర్వాత చూపించుకోవచ్చు," అంది. ఆయన ముఖ్యమంత్రి చెప్పినంత శ్రద్ధగా తలూపాడు.

గొంతు మాత్రం దాచుకోలేదు. నాన్న ఇచ్చిన గొంతు, ఉన్నది ఉన్నట్టు. పాఠం ఏమిటంటే రేకు పెట్టె లోపల గుడ్డ లైనింగు వేయడం. అంతవరకూ ఎవరూ చెప్పని పాఠం, ఆమే అక్కడికక్కడ కల్పించింది. ఒక్కో మాటకి ఆగింది. "కొలత" అనేటప్పుడు టేపు ఎత్తి చూపించింది. "అంచు వదలాలి" అనేటప్పుడు బొటనవేలు అడ్డంగా పెట్టి, ఆ మందం వదిలి గీత గీసి, గీతని కెమెరా కళ్ల ముందు పెట్టింది. మూల దగ్గర గుడ్డ ఎలా మడవాలో చూపించింది, విప్పింది, మళ్లీ చూపించింది. "ఇంకోసారి చెప్తాను," అంది నవ్వుతూ. ఎవరూ అడగలేదు. యాంకరమ్మాయి "అబ్బ" అని మొదలుపెట్టి, మొదటిసారిగా ఈజీ సంగతి వదిలేసి, "ఆ మూల నన్ను మడవనిస్తారా?" అంది. మడిచింది కూడా. వంకరగా వచ్చింది, ఫర్వాలేదు.

ఇంటికొచ్చేసరికి ఇస్త్రీ పిన్ని వీధిలోనే ఆపేసింది.

"అమ్మాయ్, మీ ఆయనకి ఏమైందో చూసుకో. ఇవాళ మీ ఇంట్లోంచి చడీచప్పుడు లేదు. ఏంటా అని తొంగి చూశా కదా. టీవీ రిమోట్‌ని పెట్టెలో పెట్టి, తాళమేసి, ఆ పెట్టె మీద తనే కూర్చున్నాడు. చేతులు రెండూ చంకల్లో దూర్చుకుని, కళ్లార్పకుండా టీవీ చూస్తున్నాడు. నేను పిలిస్తే పలకలేదు. అసలు ఆ చేతులు చంకల్లోంచి బయటికొస్తే ఒట్టు."

లోపల మైకు అప్పటికే రికార్డు వేసుకుని కూర్చున్నాడు. చార ఆకుపచ్చలో, గాలికి ఊగే గరికలా ఆడుతోంది. దారాలమ్మ మాట్లాడుతోంది. గులకరాళ్లు లేవు, బండరాళ్లు లేవు. మాట మాటా విడివిడిగా, కుట్టు కుట్టు కనిపించే నిలువు కుట్టులా వస్తోంది. ఫ్యాన్ గొణుగుడు ఎక్కడున్నది అక్కడే ఉంది.

"చూశావా," అన్నాడు మైకు. "నేను మొదటి రోజే చెప్పా, నీ గొంతుకి వంక పెట్టడానికి లేదని."

ఆమె అతని నెత్తి మీద టేపు చుట్టతో ఒకటి ఇచ్చింది.

పెట్టెలాయన కంప్యూటర్‌కి ఎదురుగా కూర్చుని చారనే చూస్తున్నాడు. "ఎరుపెక్కలేదు," అన్నాడు, ఎవరితో అని కాకుండా. ఆమె ఆయన వెనక నిలబడి, "మీ వల్లే ఇంత బాగా వచ్చింది," అంది. ఆయన కదల్లేదు. అప్పుడామె చుట్టూ తిరిగి, ఆయనకీ కంప్యూటర్‌కీ మధ్యలో నిలబడి, మళ్లీ అదే మాట చెప్పింది.

"నాదేముంది," అన్నాడాయన. "పెట్టె మీద కూర్చున్నా."

శనివారం పొద్దున ఆమె బస్సుకి తయారయ్యేసరికి, రికార్డు ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికి అరచేతిలో పట్టే రేకు పెట్టె ఒకటి సిద్ధంగా ఉంది. లోపల గుడ్డ లైనింగు. మూలలు ఆమె చూపించినట్టే మడిచి ఉన్నాయి. అంచు బొటనవేలి మందం వదిలి ఉంది, కాకపోతే ఆయన బొటనవేలి మందం. ఆమె దాన్ని మూసి తెరిచి, తెరిచి మూసి, ఏమీ అనలేదు. ఆయనకీ వినాల్సిన అవసరం పడలేదు.

బయల్దేరే ముందు ఇంకొక్కసారి విందామంటే మైకు కంప్యూటర్ పెట్టాడు. సరిగ్గా అప్పుడే మూత బందు ఊడిన పెట్టె బాగుచేయించుకోవడానికి ఎవరో ఒకాయన వచ్చాడు. ఎవరికీ తెలియని మనిషి. తన పెట్టె మీద తనే కూర్చుని, నోరు తెరుచుకుని, పాఠం మొత్తం మొదటి నుంచి చివరిదాకా చూశాడు.

"ఎలా ఉందండీ?" అని అడిగింది దారాలమ్మ, తన మామూలు గొంతుతో.

ఆయన తెర వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి, జాలిగా తలూపాడు.

"ఆవిడ ఎంత చక్కగా చెప్తోందో చూడమ్మా. నీది కూడా దాదాపు అలాంటి గొంతే, నిర్లక్ష్యం చేసుకోకు. రోజూ ఆవిడ ప్రోగ్రాం చూస్తూ ప్రాక్టీసు చేశావనుకో, ఏదో ఒక నాటికి నువ్వు కూడా ఆవిడలా మాట్లాడగలవు."